నీలిరంగు మనుషులు, గులాబీ గీతలు: నేటి యూదు చిత్రకారులు తమను తాము ఎలా చూసుకుంటున్నారు?

నీలికలువ (న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. ఈ వేదికలో కాపు రాజయ్య గారి మీద, తోట వైకుంఠం గారి మీద మంచి చర్చలు జరిగాయి. ఈసారి కొంచెం దూరం వెళ్దామని నా కోరిక. ఇప్పటి యూదు చిత్రకారులు తమ గుర్తింపు గురించి ఏం గీస్తున్నారు అన్నది విషయం.

సియోనా బెంజమిన్‌తో మొదలుపెడతాను. 1960లో బొంబాయిలో బెనె ఇజ్రాయెల్ కుటుంబంలో పుట్టారు. కొంకణ్ తీరంలో తరతరాలుగా ఉన్న యూదులు వీళ్ళు. తమ పూర్వీకులు అలీబాగ్ దగ్గర నవ్‌గావ్‌లో ఓడ మునిగి ఒడ్డుకు చేరారని చెప్పుకుంటారు. గానుగ ఆడించి నూనె తీయడం వాళ్ళ వృత్తి. శనివారం గానుగ కట్టరు కాబట్టి ఊళ్ళోవాళ్ళు వాళ్ళను 'శనివార్ తేలీ' అని పిలిచేవారు. సియోనా చదువు క్రైస్తవుల బడిలో, పార్సీల బడిలో సాగింది. ఆ తర్వాత బొంబాయిలోనే జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్. అమెరికా వచ్చాక చిత్రకళలో ఒక ఎంఎఫ్ఏ (కళల్లో పీజీ పట్టా), రంగస్థల అలంకరణలో ఇంకొకటి.

ఆవిడ బొమ్మల్లో ఆడవాళ్ళ ఒళ్ళు నీలంగా ఉంటుంది. 'ఫైండింగ్ హోమ్' అని ఒక పెద్ద వరుస ఉంది. అందులో 'టిక్కున్ హా ఓలామ్' (లోకాన్ని బాగుచేయడం) అనే బొమ్మ చూడండి. ఒక నీలి స్త్రీకి మన దేవతలకున్నట్టు ఎన్నో చేతులు. ఆ చేతులన్నీ కలిసి యూదుల మెనోరా దీపస్తంభం ఆకారంలోకి వస్తాయి. మొఘల్ సూక్ష్మచిత్రాల పనితనం, బంగారు రేకు, అంచుల్లో అలంకారం, అన్నీ ఒకే కాగితం మీద.

అమెరికాలో యూదు అనగానే తూర్పు ఐరోపా నుంచి వచ్చిన తెల్లవాళ్ళే జనం కళ్ళముందు మెదులుతారు. చీర కట్టిన అమ్మమ్మ, కొబ్బరి, అటుకులు కలిపి ఏలియా ప్రవక్త పేర పెట్టే మలీదా నైవేద్యం ఆ ఊహలో ఇమడవు. ఆ ఇమడకపోవడమే ఆవిడ పనికి ఇంధనం అని నాకు గట్టిగా అనిపిస్తుంది. మీరేమంటారు?

కరీంనగర్_కుంచె

అక్కా, నేను ఫైన్ ఆర్ట్స్ చదువుతున్న. నీలం అనంగనే మనకు కృష్ణుడే యాదికొస్తడు గదా. ఆమె కృష్ణుణ్ణి తీసుకొని యూదు బట్టలు తొడిగినట్టేనా? ఇంకో ముచ్చట. ఆమె ఏం రంగులు వాడుతది?

నీలికలువ

తమ్ముడూ, గువాష్ రంగులు (నీళ్ళలో కలిపే చిక్కటి రంగులు), 22 క్యారెట్ల బంగారు రేకు వాడతారు. నీలం గురించి ఆవిడ మాట వేరు. అది ఆకాశం రంగు, సముద్రం రంగు, ఏ దేశానికీ ఏ జాతికీ చెందని ఒంటి రంగు అంటారు. హిందూ దేవతల నీడ అందులో ఉంది, ఆవిడ దాన్ని దాచరు కూడా. కానీ ఆ నీలి మనిషి చివరికి ఆవిడే.

'లిలిత్' బొమ్మ దొరికితే చూడు. యూదుల పాత కథల్లో ఆదాముకు మొదటి భార్య లిలిత్, అతనికి లొంగి ఉండనని వెళ్ళిపోయిన ఆడది. సంప్రదాయం ఆమెను దయ్యాన్ని చేసింది. సియోనా ఆమెకు మగవాళ్ళు ప్రార్థనలో కప్పుకునే తల్లిత్ శాలువా కప్పారు. అమెరికన్ కామిక్ పుస్తకాల్లోలాగా చుక్కలు చుక్కలుగా రంగు వేసి, పక్కన మాట బుడగ పెట్టి, వేల ఏళ్ళ కోపాన్ని ఆమె నోట పలికించారు.

ప్రశ్నలపుట్ట

నాకు ఒక మౌలికమైన సందేహం. పది ఆజ్ఞల్లోనే 'నీ కోసం విగ్రహాన్ని చేసుకోవద్దు' అని ఉంది కదా. అలాంటప్పుడు యూదు చిత్రకళ అనే మాటకే ఆధారం ఎక్కడిది? ఇదంతా ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా మ్యూజియంలు పుట్టించిన వర్గమేమో.

పాత_పుస్తకాలు (హైదరాబాద్)

ప్రశ్నలపుట్ట గారూ, ఆ ఆజ్ఞను ప్రతి కాలం ఒకేలా చదవలేదండి. సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున దురా యూరోపోస్ అనే పాత పట్టణం ఉంది. అక్కడి సినగాగ్ (యూదుల ప్రార్థన మందిరం) గోడల నిండా బైబిలు బొమ్మలే: మోషే, ఎస్తేరు, యెహెజ్కేలు చూసిన ఎముకల లోయ. క్రీ.శ. 245 ప్రాంతంవి అవి. 1932లో తవ్వకాల్లో బయటపడ్డాయి. ఇంకో వెయ్యేళ్ళు ముందుకొస్తే జర్మనీలో 1300 ప్రాంతంలో రాసిన ఒక హగ్గదా ఉంది, పస్కా పండగ రాత్రి చదివే పుస్తకం. అందులో మనుషుల ఒళ్ళకు పక్షుల తలలు పెట్టారు. ఎందుకలా చేశారన్న దానిమీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. నిషేధం ఉన్నచోటే అంత ఊహ పుట్టడం నాకు అబ్బురంగా ఉంటుంది.

ఇక మ్యూజియంల విషయం. 1996లో న్యూయార్క్‌లోని జ్యూయిష్ మ్యూజియంలో నార్మన్ క్లీబ్లాట్ 'టూ జ్యూయిష్?' (మరీ యూదుతనమా?) అనే ప్రదర్శన పెట్టారు. అప్పటిదాకా అమెరికాలో పేరున్న యూదు చిత్రకారులు చాలామంది తమ యూదుతనాన్ని బొమ్మలోకి రానివ్వలేదు. యూదు చిత్రకారుడు అని ముద్ర పడితే పెద్ద గ్యాలరీల్లో చిన్నచూపు చూస్తారని భయం. ఈ ప్రదర్శనలోవాళ్ళు ఆ భయాన్నే ఎత్తి బయటపెట్టారు. డెన్నిస్ కార్డన్ 49 మంది యూదుల ముక్కులను శిల్పాలుగా చేసి గోడకు వరసగా తగిలించారు. ఏ రెండు ముక్కులూ ఒకలా లేవు. 'యూదు ముక్కు' అని వందల ఏళ్ళు కార్టూన్లలో గీసిన ద్వేషానికి అంతకంటే సూటి జవాబు నాకు కనపడలేదు.

డెబోరా కాస్ అమెరికన్ పాప్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ పద్ధతిని అచ్చం దించారు. వార్హోల్ జాకీ కెన్నెడీని పెట్టినచోట యూదు గాయని, నటి బార్బరా స్ట్రయిశాండ్ పక్కముఖం పెట్టి ఆ వరసకు 'జ్యూయిష్ జాకీ' అని పేరు పెట్టారు. వార్హోల్ ఎల్విస్ స్థానంలో, తాల్ముద్ (యూదుల మతశాస్త్ర చర్చల గ్రంథం) చదువుకోవడం కోసం మగపిల్లాడి వేషం వేసుకున్న యెంటెల్‌ను, అంటే సినిమాలో స్ట్రయిశాండ్ వేసిన పాత్రను, నిలబెట్టారు. చిన్నప్పుడు తెర మీద తనలాంటి ముఖం కనపడిన ఆడపిల్ల ఆనందం ఆ బొమ్మల్లో ఉంది.

సుజాత_బే_ఏరియా

పాత పుస్తకాలు గారూ, ఆ ప్రదర్శనలో ఉన్న హెలెన్ ఐలాన్ గురించి మీరు చెప్తారని ఎదురు చూశాను. నాకు అందరికంటే ఆవిడే ముఖ్యం.

హెలెన్ ఐలాన్ 1931లో పుట్టారు, బ్రూక్లిన్ బరో పార్క్‌లో నిష్ఠగల ఆర్థడాక్స్ కుటుంబంలో పెరిగారు. చిన్న వయసులోనే ఒక రబ్బీని (యూదు మతగురువును) పెళ్ళి చేసుకుని, ముప్ఫై ఏళ్ళకే భర్తను పోగొట్టుకున్నారు. 1990 నుంచి 1996 దాకా ఒకే పని మీద కూర్చున్నారు. తోరా (యూదుల ధర్మశాస్త్రం) పుస్తకాలు తీసుకుని ప్రతి పుట మీదా పారదర్శకమైన పలచటి తోలు కాగితం పరిచారు. ఆడవాళ్ళను కించపరిచే మాట, పగ తీర్చుకోమనే మాట, తండ్రికి కొడుకులే తప్ప కూతుళ్ళు పుట్టనట్టు సాగే వంశావళి, ఇలా ఎక్కడెక్కడ మనసు ఒప్పలేదో అక్కడ గులాబీ రంగు హైలైటర్‌తో గీత గీశారు. కొన్నిచోట్ల మాటల మధ్య ఖాళీలో కూడా గీశారు, అక్కడ ఉండాల్సిన ఆడమనిషి లేదు కాబట్టి.

ఒక్క అక్షరం కొట్టెయ్యలేదు, చింపలేదు. అసలు పుట మీద సిరా పడలేదు, గీతంతా పైన పరిచిన కాగితం మీదే. ఆ గ్రంథం పట్ల ఉన్న భక్తి, దానితో ఉన్న తగాదా రెండూ ఆ పలచటి పొరలోనే ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ ఆవిడను తీసుకుపోయింది. ఆ వార్త చదివిన రోజు నేను చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

ప్రశ్నలపుట్ట

గీత గీయడం కళ ఎలా అవుతుందండీ? అది వ్యాఖ్యానం. మన దగ్గర మనుస్మృతి మీద అలా గీతలు గీస్తే దాన్ని రాజకీయం అంటారు, చిత్రకళ అనరు.

సుజాత_బే_ఏరియా

వ్యాఖ్యానమే అనుకోండి. యూదుల చదువులో వ్యాఖ్యానానిది పెద్దపీట. తాల్ముద్ అచ్చు పుట ఎప్పుడైనా చూశారా? నడిమధ్య మూలం, చుట్టూ నాలుగు వైపులా తరతరాల వ్యాఖ్యానాలు, ఒకరితో ఒకరు విభేదిస్తూ. ఆ పుటలో ఆడవాళ్ళకు చోటు లేదు. ఐలాన్ తన గీతతో ఆ అంచులోకి వచ్చి కూర్చున్నారు. బయటనుంచి రాయి వేసిన మనిషి కాదు ఆవిడ. అందుకే ఆ పనికి అంత బలం.

పాత_పుస్తకాలు

సుజాత గారి మాటకు నా ఓటు. ఎలేన్ రైచెక్ చేసిన గది కూడా ఈ కోవలోదే. 1994లో జ్యూయిష్ మ్యూజియం కోసం తన చిన్ననాటి బ్రూక్లిన్ పడకగదిని తిరిగి కట్టారు. మంచం, కుర్చీలు, దీపాలు, అన్నీ వలసకాలపు అమెరికా శైలి. అంటే యూదులైన ఆమె తల్లిదండ్రులు తమకు ఏ సంబంధమూ లేని పాత ఇంగ్లీషు దొరల ఇళ్ళను చూసి ఇల్లు సర్దుకున్నారు. గోడల మీద కుట్టుపని చట్రాలు. దగ్గరికి వెళ్ళి చదివితే అవి బైబిలు వాక్యాలు కావు. చుట్టాలు, స్నేహితులు యూదుతనం గురించి అన్న మాటలు. 'కొంచెం మాత్రమే యూదుగా ఉండటం కుదరదు' అనే అర్థం వచ్చేది ఒకటి. తువాళ్ళ మీద యజమాని పేరు పొడి అక్షరాలు ఉండాల్సిన చోట జె, ఇ, డబ్ల్యు అని మూడక్షరాలు కుట్టి ఉంటాయి. గదిలోని సామాన్లన్నీ వెతికితే ఆ కుటుంబం ఎవరో పైకి చెప్పే గుర్తు ఆ తువాలు ఒక్కటే.

అమెరికాలో పిల్లలను పెంచుతున్న మన తెలుగువాళ్ళు ఆ గది ముందు నిలబడితే ఊరికే దాటిపోలేరు.

వార్సా_తెలుగోడు

అన్నా, అందరూ అమెరికా గురించే చెప్తున్నారు. నేను పోలండ్‌లో పని చేస్తున్నాను, ఇక్కడి సంగతి చెప్తా.

యుద్ధానికి ముందు పోలండ్‌లో దాదాపు 33 లక్షల మంది యూదులు. వాళ్ళలో నూటికి తొంభై మందిని నాజీలు చంపేశారు. ఇజ్రాయెల్‌కు చెందిన యాయెల్ బర్తానా ఈ దేశంలో మూడు చిన్న సినిమాలు తీసింది. మొదటిది 2007లో. వార్సాలో పాడుబడిన పెద్ద స్టేడియం, గడ్డి మొలిచిన మెట్లు, మనుషులు లేరు. ఒక యువకుడు మైకులో గొంతెత్తి ప్రసంగిస్తాడు: యూదులారా, తిరిగి రండి, మీరు లేక మా దేశం ఒంటరిదైపోయింది అని. ఆ మాట్లాడిన అతను నటుడు కాదు, స్వావోమిర్ సియెరకోవ్‌స్కీ, ఇక్కడి వామపక్ష రచయిత. ప్రసంగం జరుగుతుంటే స్కౌట్ పిల్లలు గడ్డి మీద సున్నంలాంటి తెల్లరంగుతో అక్షరాలు దిద్దుతుంటారు: 33 లక్షల మంది యూదులు 4 కోట్ల పోలండ్ ప్రజల బతుకు మార్చగలరు అని.

రెండోది 2009లో. 1930ల్లో పాలస్తీనాలో యూదు వలసదారులు రాత్రికి రాత్రి కట్టుకున్న చెక్క గోడ, కాపలా బురుజు ఉన్న స్థావరాన్ని వార్సా మురనూవ్‌లో కట్టిస్తుంది. మురనూవ్ అంటే నాజీలు యూదులను బంధించి ఉంచిన ఘెట్టో ఉన్న పేట. ఊళ్ళోవాళ్ళు చూస్తుండగా చెక్కలు లేస్తాయి, చుట్టూ ముళ్ళకంచె పడుతుంది. ఆ కంచె చూస్తే గుండె ఆగుతుంది, ఎందుకంటే అది రక్షణ కంచెలాగా ఉంటుంది, నిర్బంధ శిబిరం కంచెలాగా కూడా ఉంటుంది. రెండు చరిత్రలనూ ఒక్క చెక్క గోడలో పెట్టేసింది. మూడోదాంట్లో, మొదటి సినిమాలో ప్రసంగించిన ఆ నాయకుణ్ణి ఎవరో చంపేస్తారు, అంత్యక్రియలు జరుగుతాయి.

2011 వెనిస్ బినాలెలో (రెండేళ్ళకోసారి జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శన) పోలండ్ తన మంటపంలో ఈ మూడింటినీ ప్రదర్శించింది. పోలండ్ పౌరసత్వం లేని కళాకారిణికి ఆ మంటపం ఇవ్వడం అదే మొదటిసారి. నేను రోజూ మురనూవ్ మీదుగానే ట్రామ్‌లో పోతాను. ఈ సినిమాలు చూశాక ఆ అపార్ట్‌మెంట్లను మామూలుగా చూడటం కుదరట్లేదు.

కరీంనగర్_కుంచె

గీ సినిమా ముచ్చట విని మస్తు కదిలిన అన్నా. మా సార్ బెర్లిన్‌ల షిమోన్ ఆటీ చేసిన పని స్లైడ్ల మీద చూపిచ్చిండు. 1991ల మొదలువెట్టి, షోయ్‌నెన్‌ఫియర్టెల్ అనే పాత యూదుల గల్లీల రాత్రిపూట గోడల మీద పాత ఫోటోలు ప్రొజెక్టర్‌తోని ఏసిండు. ఇరవైల, ముప్ఫైల నాటి ఫోటోలు, అయినకాడికి అవే ఇండ్ల మీద, అవే దర్వాజల కాడ. ఓ ఇంటి మీద 1930 నాటి హీబ్రూ పుస్తకాల దుకాణం బోర్డు వెలుగుతది. గిట్ల ఏస్తుంటే ఓ ఇంట్ల ఉండేటాయన ఉరికొచ్చి, ఈ ఇల్లు మా నాయిన 1938ల న్యాయంగ కొన్నడు అని మొత్తుకున్నడట. 1938 అంటే యూదుల ఆస్తులు అగ్గువకు గుంజుకుంటున్న కాలం. గోడ మీద ఒట్టి వెలుగు పడితేనే మనిషి గట్ల ఉలిక్కిపడ్డడు.

ప్రశ్నలపుట్ట

ఇవన్నీ గొప్ప పనులే, ఒప్పుకుంటాను. కానీ ఇజ్రాయెల్ లోపలి మాట ఎవరూ ఎత్తట్లేదు. గాజాలో ఇంత జరుగుతుంటే యూదు గుర్తింపు మీద కళ అంటూ ముక్కుల గురించి, తువాళ్ళ గురించి మాట్లాడుకోవడం నాకు మింగుడు పడట్లేదు.

నిర్వాహకుడు

గౌరవంగా చర్చించండి. యుద్ధం మీద వాదనకు వేరే విభాగం ఉంది. చిత్రకారులు దాన్ని ఎలా ఎదుర్కొన్నారన్నది మాత్రం ఇక్కడి విషయమే, రాయొచ్చు.

సుజాత_బే_ఏరియా

ప్రశ్నలపుట్ట గారు అడిగింది న్యాయమైన ప్రశ్నే. 2024 వెనిస్ బినాలెలో ఇజ్రాయెల్ తరఫున వెళ్ళిన రూత్ పతీర్ తన మంటపాన్ని తెరవనే లేదు. కాల్పుల విరమణ, బందీల విడుదల ఒప్పందం కుదిరితేనే తెరుస్తామని తలుపు మీద కాగితం అంటించారు. ప్రదర్శన ముగిసేదాకా ఆ తలుపు తెరుచుకోలేదు. అదే ఏడాది మా శాన్‌ఫ్రాన్సిస్కో కాంటెంపరరీ జ్యూయిష్ మ్యూజియంలో కాలిఫోర్నియా యూదు కళాకారుల ప్రదర్శన పెట్టారు. ఎంపికైనవాళ్ళలో కొందరు యుద్ధం మీద మ్యూజియం వైఖరి నచ్చక తమ పనులు వెనక్కి తీసుకున్నారు. మ్యూజియం వాళ్ళు గోడ మీద ఆ చోట్లను ఖాళీగా వదిలేశారు. నేను వెళ్ళాను. ఒకే మతం వాళ్ళ మధ్య అంత తీవ్రమైన విభేదం ఉందని ఏ వ్యాసం చదివినా నాకు అంతగా తెలిసేది కాదు. డబ్బు ఇబ్బందులతో 2024 డిసెంబరులో ఆ మ్యూజియం గ్యాలరీలు మూసేశారు. వాస్తుశిల్పి లిబెస్కిండ్ రూపకల్పన చేసిన ఆ నీలి ఉక్కు భవనం ముందునుంచి వెళ్ళినప్పుడల్లా బాధే.

ఇజ్రాయెల్ లోపలి తగాదాల మీద పాత పనులు కూడా ఉన్నాయి. ఆది నెస్ అని ఫోటోగ్రాఫర్, ఇరాన్, కుర్దు ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబం, కిర్యత్ గాత్ అనే చిన్న ఊళ్ళో పెరిగారు. బైబిలు పాత్రలను నేటి ఇజ్రాయెల్ వీధుల్లోని పేదలుగా నిలబెట్టి తీశారు. రూతు, నయోమీ పొలంలో పరిగె ఏరుకుంటారని కథ కదా. ఆయన ఫోటోలో ఇద్దరు ఆడవాళ్ళు సంత ముగిశాక నేల మీద పడిపోయిన ఉల్లిపాయలు ఏరుకుంటుంటారు.

పాత_పుస్తకాలు

దీనికి జతగా మెయిర్ గాల్ 1997లో తీసిన ఫోటో చెప్పి తీరాలి. కళాకారుడే కెమెరాకు ఎదురుగా నిలబడి ఉంటాడు. చేతిలో ఇజ్రాయెల్ బడుల్లో చెప్పిన చరిత్ర పాఠ్యపుస్తకం. 400 పుటల పుస్తకాన్ని తొమ్మిది పుటలు మాత్రం వేళ్ళతో పట్టుకుని ఎత్తాడు. మిగతా పుస్తకమంతా కిందికి వేలాడుతోంది. ఐరోపా బయటి యూదుల గురించి, అంటే ఇరాక్, యెమెన్, మొరాకో లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్ళ గురించి, ఆ పుస్తకంలో ఉన్నవి ఆ తొమ్మిది పుటలే. ఫోటో పేరు కూడా దాదాపు అదే: నాలుగు వందల్లో తొమ్మిది.

బెనె ఇజ్రాయెల్ వాళ్ళకు కూడా ఇజ్రాయెల్‌లో ఈ అనుభవం ఉంది. వాళ్ళ యూదుతనం స్వచ్ఛమైనదేనా, వాళ్ళతో పెళ్ళిళ్ళు చెల్లుతాయా అని అక్కడి మతాధికారులు అడ్డం తిరిగితే ధర్నాలు చేసి, 1964లో గానీ ప్రభుత్వం చేత పూర్తి యూదులే అనిపించుకోలేకపోయారు. సియోనా నీలిరంగు వెనక ఈ చరిత్ర కూడా ఉందని మరిచిపోకూడదు.

చేబ్రోలు_శ్రీను

అందరి మాటలూ చదివాను. మా పక్కనే ఉన్నవాళ్ళను ఎవరూ తలుచుకోలేదని రాస్తున్నాను. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తారెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అని తెలుగు యూదులు ఉన్నారు. మాదిగ కులం నుంచి వచ్చినవాళ్ళు. అంతకుముందు బాప్టిస్టు సంఘాల్లో ఉండేవారు. ఎనభైల చివర నుంచి తాము బైబిల్లో చెప్పిన ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని బయటికి చెప్పి, సొంత సినగాగ్ పెట్టుకుని, శనివారం విశ్రాంతి దినం పాటిస్తున్నారు. ఇంట్లో తెలుగు, ప్రార్థనలో హీబ్రూ. ఇజ్రాయెల్ ప్రభుత్వం వాళ్ళను ఇంకా యూదులుగా గుర్తించలేదు.

బయటినుంచి వచ్చినవాళ్ళు చాలామంది వీళ్ళు నిజం యూదులా కాదా అని తేల్చడానికే వస్తారు. సియోనా గారి నీలం, మెయిర్ గాల్ తొమ్మిది పుటలు చదువుతుంటే నాకు వీళ్ళే గుర్తొచ్చారు. ఊళ్ళో కులం అడిగారు, బయటికెళ్తే వంశం అడుగుతున్నారు. వీళ్ళను బొమ్మగా వేసిన తెలుగు చిత్రకారులు ఎవరైనా ఉన్నారా?

కరీంనగర్_కుంచె

శ్రీనన్నా, నా ఫైనలియర్ పనికి ఇదే తీసుకుంట. వాళ్ళొప్పుకుంటే వచ్చి గీస్త. అక్కా, ఎట్ల మొదలువెట్టాలె?

నీలికలువ

తమ్ముడూ, చాలా సంతోషం. సియోనా గారు ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనం మీద ముంబై తిరిగి వెళ్ళి చేసిన 'ఫేసెస్' పని చూడు. ముందు బెనె ఇజ్రాయెల్ మనుషులతో కూర్చుని వాళ్ళ కథలు విన్నారు, ఫోటోలు తీసుకున్నారు. ఆ తర్వాతే ఆ ముఖాల చుట్టూ అలంకారం, కథలోని గుర్తులు చిత్రించారు. తర్వాత ఇజ్రాయెల్ వెళ్ళిపోయిన బెనె ఇజ్రాయెల్ కుటుంబాలతోనూ అదే పని చేశారు. నువ్వూ ముందే స్కెచ్ పుస్తకం తియ్యొద్దు. మిమ్మల్ని ఎలా గియ్యాలి అని వాళ్ళనే అడుగు. ఒక పెద్దావిడ చీరలో గియ్యమంటుందేమో, ఇంకొకాయన తల మీద కిప్పా (యూదు మగవాళ్ళ చిన్న టోపీ) లేకుండా గియ్యొద్దంటాడేమో. వాళ్ళు చెప్పినదే నీ బొమ్మకు సగం పని. నిజమా కాదా అనే ప్రశ్న మాత్రం నోట రానివ్వకు.

చేబ్రోలు_శ్రీను

తమ్ముడూ, వచ్చే ముందు నాకు మెసేజ్ పెట్టు. పెద్దలతో నేను మాట్లాడి పెడతా. శుక్రవారం పొద్దుగూకాక, శనివారం రావొద్దు, ఆ టైములో ఫోటోలు, గీతలు అడగడం మర్యాద కాదు. ఆదివారం అయితే అందరూ ఇళ్ళ దగ్గరే ఉంటారు. తెనాలి స్టేషన్లో దిగు, బండి మీద వచ్చి తీసుకెళ్తా.